బహదూర్‌పురాలో రోమన్ గవర్నర్

శ్రీహరిరావు చరిత్ర లెక్చరర్‌గా రిటైరయ్యాడు గానీ పాఠం చెప్పడం మానలేదు. బహదూర్‌పురాలోని తమ కాలనీ వార్షికోత్సవానికి, రోమన్ల ఏలుబడిలో ఉన్న సిరియా గురించి తనే ఓ నాటకం రాశాడు. కథ చిన్నదే. కరువొస్తుంది. ఊరివాళ్లు వెళ్లి కాలువ వదలమని గవర్నర్‌ను వేడుకుంటారు. సైన్యం గుర్రాలకే నీళ్లు చాలడం లేదని ఆయన వాళ్లను గెంటించేస్తాడు.

గవర్నర్ వేషం వేయాల్సిన వేణుగోపాల్‌కి నాటకం రోజు పొద్దున్నే గొంతు పూర్తిగా పోయింది. కాలనీలో అంత గొంతు ఇంకొకరికే ఉంది. పాల డెయిరీ నడిపే ఆండాలుకి. ఆమె గల్లీ ఈ చివర బర్రెను అదిలిస్తే ఆ చివర స్కూటర్లు ఆగేవి.

"రెండే మాటలమ్మా. 'నీళ్లు లేవు, పొండి!' కోపంగా అనాలి," అన్నాడు రావు.

"గంతేనా సార్? ఫికర్ చెయ్యకుండ్రి."

సాయంత్రం తెల్ల దుప్పటి చుట్టుకుని, తలకు ఆకుల దండ పెట్టుకుని ఆండాలు సింహాసనం మీద కూర్చుంటే షామియానాలో ఈలలు మోగాయి. ఊరి ముసలమ్మ వేషంలో రుక్మాబాయి ఖాళీ కుండతో వచ్చి మోకరిల్లింది. ఆమె మంచి నటి. నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"దొరా, పిల్లల పెదాలు ఎండిపోతున్నయి. ఒక్క పూట కాలువ వదులుండ్రి."

ఆండాలు నోరు తెరిచింది. ముసలమ్మ కన్నీళ్లు చూసి మళ్లీ మూసేసింది. తెర పక్క నుంచి రావు "నీళ్లు లేవు!" అని అందించాడు. మళ్లీ అందించాడు.

"ఏడ్వకు అవ్వా," అంది గవర్నర్. "వదులుతున్న, పో. పొద్దుగాల, పొద్దుమీకి, రెండు పూటలు."

చప్పట్లు!

"అది చరిత్ర కాదమ్మా!" రావు గుసగుస అందరికీ వినిపించింది. "మరి గుర్రాలకో?"

"మూసీకి తోల్కపోండ్రి!"

ఇక జనం ఆగలేదు. ముందు వరుసలోంచి కైలాసం లేచి చేతులు కట్టుకున్నాడు. "దొరా, మా గల్లీల లైటు వెలుగుతలేదు."

"ఏయ్ సిపాయీ, లైటు పెట్టించు!"

"దొరా, మా ఆయన నా మాట వింటలేడు," అందొకావిడ.

"గది రోమ్‌తోని గూడ కాదక్కా."

రావుకి ఒక్కటే దారి తోచింది. చెప్పినట్టు చేయని గవర్నర్లను రోమ్ వెనక్కి పిలిపించేది. టేబుల్ మీద గుడ్డ లాగి భుజాన వేసుకుని స్టేజీ ఎక్కేశాడు.

"నేను చక్రవర్తి దూతను! నిన్ను పదవి నుంచి తీసేశాం. నడువు!"

ఆండాలు పాపం లేచి నిలబడింది. రుక్మాబాయి కుండ ఎత్తి అడ్డమొచ్చింది.

"మా దొరను యాడికి తీస్కపోతవ్?"

ఆమె వెనక ఊరివాళ్లు, వాళ్ల వెనక కైలాసం, ఆపైన షామియానాలో సగం మంది స్టేజీ ఎక్కారు. సిపాయి ఈటె పడేసి వాళ్లలో కలిసిపోయాడు. ఎవరో కండువాతో దూత చేతులు కట్టేశారు. రావు కాసేపు గింజుకున్నాడు. ఇన్నేళ్లు తిరుగుబాట్ల మీద పాఠాలు చెప్పాడు గానీ ఒక్కదాన్నీ ఇంత దగ్గరగా చూడలేదాయన. ఆ ఊహ రాగానే నవ్వు ఆగలేదు.

"సిరియా చేజారింది ప్రభూ!" అని అరిచాడు. తెర పడింది.

భోజనాల దగ్గర ఆండాలు మొహమాటంగా వచ్చింది. "మాఫ్ చెయ్యుండ్రి సార్. ఆమె గట్ల ఏడుస్తుంటే పొమ్మన నోరు రాలే. ఆ గవర్నర్‌కు ఎట్లొచ్చిందో!"

"ఆయనకి ఆ ఊళ్లో ఎవరూ తెలీదమ్మా. రోమ్ నుంచి వచ్చినవాడు."

"గదీ సంగతి," అంటూ ఆండాలు ఆయన విస్తట్లో ఇంకో గరిటె బగారా అన్నం వేసింది.