ముగ్గురి మాట

ముగ్గురికి ముగ్గురూ ఒకే మాట అంటే అది అబద్ధం ఎట్లా అవుతుంది, పురానాపూల్ మీద నడుస్తూ పుష్పమ్మ అదే అనుకుంటోంది, పక్కనుంచి ఆటోలు రాసుకుంటూ పోతున్నాయి, కింద మూసీ వాసన, పదిహేడేళ్లుగా తన డెయిరీలో పాలు పితికిన రామలింగయ్యను పొద్దున్నే పనిలోంచి తీసేసింది, పాలల్ల నీళ్లు కలుపుతున్నవంట గదా అంటే అతను బకెట్ కింద పెట్టి, ఎవరు చెప్పిన్రమ్మా అని మాత్రం అడిగాడు, అందరు చెప్పిన్రు అంది తను, అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు, కోపమైనా రాలేదు మనిషికి, వచ్చుంటే బాగుండేది.

అందరూ అంటే ముగ్గురే, ఆ ముగ్గురినీ మళ్లీ అడగడానికే బయల్దేరింది, టీ హోటల్ జగదీశ్వర్ నాకు కళావతక్క చెప్పింది అన్నాడు, కళావతి కుట్టుమిషన్ ఆపకుండానే, నాకేమెరుక అక్కా, భిక్షపతి అన్నడు, ఆయన ఊకనే అనడు గదా అంది, బార్కస్ దాకా పాలు వేసొచ్చే భిక్షపతి బండి ఆపి ఆమెను వింతగా చూశాడు, నువ్వే గద వదినా, పోయిన నెల పాలు పల్చగైనయి, రామలింగం ఏమన్న జేస్తుండా అని నన్ను అడిగింది.

అడిగిందా, అవును అడిగింది, ఎండలకు పచ్చగడ్డి దొరకని రోజులవి, ఊరికే అన్న మాట, అది మూడు నోళ్లు తిరిగి తన చెవికి చేరేసరికి సాక్ష్యమై కూర్చుంది, తన మాటను తానే పోల్చుకోలేదు, ఒక్కరైనా ఆ పాలు కాచి చూశాననలేదు, తనూ చూడలేదు.

రామలింగయ్య ఇంటి ముందు ఆండాలు బియ్యం ఏరుతోంది, మొగుణ్ని తీసేసిన మనిషిని చూసి కూడా లేచి పీట వేసింది, ఆయన ఇంకో డెయిరీకి పోయిండమ్మా, పనిల పెట్టుకోం అన్నరంట, ఇప్పుడే ఫోన్ జేసిండు, పుష్పమ్మే తీసేసిందంటే ఏదో ఉండే ఉంటది అన్నరంట, ఆ మాట ఆండాలు నిష్ఠూరం లేకుండానే చెప్పింది, పుష్పమ్మ పీట మీద కూర్చుంది, అబద్ధమని ఇప్పుడు ఎంతమందికి చెప్పాలి, ఎవరు నమ్ముతారు, నాలుగో సాక్షి తానే అయింది, రామలింగయ్య గురించి తనకు తెలిసిందంటూ ఏమీ లేదు, తాను అతనికి చేసింది తప్ప.