వెళ్ళేవాళ్ళ సంచులు

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో గొడవ దోసెల పెనం గురించి. నాకు సాయం చేద్దామనుకుని మా ఆయన మురళీమోహన్ ఇనుప పెనాన్ని సబ్బు పెట్టి, ఇనుప పీచుతో తెల్లగా తోమిపెట్టారు. ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లగా నిగనిగలాడే పెనం అది. మొదటి దోసె అతుక్కుపోయింది. రెండోది చిరిగింది. మూడోదాన్ని అట్లకాడతో గీకి, ఆ ముక్కలే ఆయన కంచంలో వేశాను.

మురికి వదిలించడం కూడా తప్పేనా అన్నారాయన. అది మురికి కాదన్నాను. అలాంటప్పుడు పెనం మీద రాసి పెట్టాల్సిందన్నారు. అత్తయ్య వెంకటరమణమ్మగారు మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని అంతా విన్నారు.

"వాళ్ళ నాన్నా అంతే ప్రసన్నా. నాకు సాయమని ఆవకాయ జాడీ కడిగి ఎండలో పెట్టారు, పగిలి ఊరుకుంది. ఈ వంశంలో మగాళ్ళు సాయం చేస్తానంటే ముందు దణ్ణం పెట్టి పంపించెయ్యాలి."

మా అమ్మాయి నిషిత పగలబడి నవ్వింది. నాకూ నవ్వు వచ్చేదే కానీ, అప్పుడే ఫోను మోగింది. రేఖ చేసింది.

"అక్కా, సుల్తాన్ మల్ల వచ్చిండు. జంగయ్య ఆటోల ఏసుకొచ్చిండు. జెర వస్తవా?"

రేఖ లక్డారం దారిలో కుక్కల ఆశ్రమం నడుపుతుంది. నిషిత కాలేజీకి వెళ్ళాక నేను అక్కడికి పోతుంటాను. ఏ కుక్కనైనా ఒక ఇంటికి ఇచ్చే ముందు దాని నడవడిక చూడటం నా పని. అది తింటున్నప్పుడు దూది కూరిన రబ్బరు చేతిని కర్రకు కట్టి గిన్నె దగ్గరికి జరుపుతాను. ఉన్నట్టుండి గొడుగు తెరుస్తాను, స్టీలు పళ్ళెం కింద పడేస్తాను. హెల్మెట్ పెట్టుకున్న కొత్త మనిషిని లోపలికి రమ్మంటాను. "నీకు అన్నిట్ల వంక కనవడతది గద అక్కా, గీ పని నీదే" అని రేఖ నాకు అప్పగించింది.

సుల్తాన్ గోధుమరంగు కుక్క. ఒక చెవి చీలి ఉంటుంది. పాశమైలారం వైపు మూతపడిన ఒక మందుల కంపెనీ గేటు ముందు దొరికాడు. గేటుకు తాళం పడ్డాక కూడా అక్కడే పడుకుని, నీళ్ళ కోసం కూడా లేచేవాడు కాదట. నేను పెట్టిన పరీక్షల్లో ఒక్కదానికీ పళ్ళు చూపించలేదు. కొత్తవాళ్ళు వస్తే తోక ఊపాడు. అందుకే ధైర్యంగా కొల్లూరులో ప్రభుత్వం కట్టించిన ఇళ్ళల్లో ఉండే రాంచందర్‌కు ఇచ్చాం. నెల తిరక్కుండానే వాళ్ళ బావమరిదిని కరిచాడని తెచ్చి వదిలేశారు. బావమరిది తాగి ఏదో చేసి ఉంటాడనుకున్నాం. రెండోసారి లక్డారంలో కూరగాయలు పండించే జంగయ్యకు ఇచ్చాం.

నేను వెళ్ళేసరికి జంగయ్య ఆటో పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. సుల్తాన్ అతని మోకాలికి ఆనుకుని ఉన్నాడు.

"దొంగలొస్తె తోక ఊపుతదమ్మా ఇది. మా ముత్యమ్మ వంకాయల బుట్ట ఎత్తుకొని అంగడికి వోతుంటె కాలు వట్టుకున్నది. ఇంటిదాన్నే కరిసినంక ఇగ కాపలా ఎవలికి?"

అతనికి కోపం లేదు. కుక్క కోసం జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి తెచ్చాడు. పోతూ పోతూ, మంచిగనే తింటది, బద్నాం చెయ్యకురి అని రేఖతో అన్నాడు.

రేఖ మొహం వాడిపోయింది. ఆశ్రమంలో ఒక నియమం ఉంది. మూడోసారి ఎవరినైనా కరిచిన కుక్కను వెనక గదుల్లోకి మారుస్తారు, మళ్ళీ ఎవరికీ ఇవ్వరు. ఒకసారి ఇలాగే ఒక కుక్క పసిపిల్లను కరిస్తే చుట్టుపక్కల వాళ్ళు వచ్చి ఆశ్రమమే ఎత్తేయమన్నారు. అప్పటి నుంచి రేఖ ఈ నియమం తప్పదు. వెనక గదుల్లో కుక్కలకు తిండి, మందులు అన్నీ అందుతాయి. బయటికి తిప్పేవాళ్ళు మాత్రం ఉండరు. కొన్నాళ్ళకు తలుపు తీసినా అవి తల ఎత్తి చూడవు. సుల్తాన్‌కు ఇక మిగిలింది ఒక్క అవకాశం.

నాకు ముత్యమ్మ బుట్ట మీదనే మనసు నిలిచింది. రాంచందర్‌కు ఫోన్ చేసి, ఆ రోజు బావమరిది వస్తున్నాడా, వెళ్తున్నాడా అని అడిగాను. వెళ్తున్నాడట. చేతిలో సీతాఫలాల సంచి ఉందట.

నేను సంచి భుజాన వేసుకుని బయటి నుంచి ఆశ్రమం గేటులోకి నడిచి వచ్చాను. సుల్తాన్ తోక ఊపాడు. వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాను. వాడు లేచి, నాకంటే ముందే వెళ్ళి గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. మొరగలేదు, వీపు మీద వెంట్రుకలు మాత్రం లేచాయి. నేను ఆగి, సంచి కింద పెట్టి మూతి తెరిచాను. వాడు ముట్టె లోపల పెట్టి నీళ్ళ సీసా, గొడుగు వాసన చూశాడు. తర్వాత పక్కకు జరిగి కూర్చున్నాడు. నా వైపు మళ్ళీ చూడలేదు. నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తున్నాడు.

మేం పెట్టే పరీక్షలన్నీ వచ్చేవాళ్ళ గురించే. వెళ్ళేవాళ్ళ మాట ఎవరికీ తోచలేదు.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబుతుంటే మా ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. ఆయనది ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగం. మామగారు తణుకు నుంచి వచ్చి చేరిందీ ఆ ఫ్యాక్టరీలోనే.

"అది చెకింగ్" అన్నారు.

షిఫ్టు దిగాక గేటు దగ్గర వరసలో నిలబడి, టిఫిన్ సంచి తెరిచి చూపించి బయటపడటం ఆయనకు రోజూ ఉన్నదే. ఆ మందుల కంపెనీలో సెక్యూరిటీ వాళ్ళు వాడికి ఆ పని నేర్పి ఉంటారన్నారు. టీ గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"కంపెనీ మూసేసినప్పుడు మనుషులకు నోటీసు అంటిస్తారు. వాడికి ఎవరు చెబుతారు? తీసుకురా. ఇన్నేళ్ళుగా అక్కడ సంచి తెరుస్తున్నాను, ఇంట్లో కూడా తెరిస్తే అరిగిపోతానా."

అత్తయ్య వద్దనలేదు. గదుల్లోకి రాకపోతే చాలన్నారు. రేఖ మాత్రం, ఇంకోపారి కరిస్తే నా చేతుల లేదక్కా అని ముందే చెప్పింది.

వాడిని తెచ్చాక మా ఇంటి పద్ధతి మారింది. బయటికి వెళ్ళేవాళ్ళు గేటు దగ్గర ఆగి సంచి తెరవాలి. నిషిత కాలేజీ బ్యాగు జిప్పు లాగి, "సార్, రెండు పుస్తకాలు, ఒక దువ్వెన, వదలండి" అనేది. గ్యాసాయన భుజాన ఉన్న సంచి చూపించి, "ఎయిర్‌పోర్టు లెక్క ఉన్నదమ్మా మీ ఇల్లు" అన్నాడు. ఒక్కొక్కరినీ చూసి పంపాక సుల్తాన్ నీడలోకి వెళ్ళి పడుకునేవాడు. ఒళ్ళు చేశాడు, వెంట్రుకలకు మెరుపు వచ్చింది. అత్తయ్య పైకి అనేవారు కాదు కానీ, అన్నంలో పెరుగు కాస్త ఎక్కువ కలిపి వాడికి పెట్టమనేవారు. ఇది కుదిరిపోయిందనుకున్నాను. రేఖకు అలాగే చెప్పాను కూడా.

కార్తీకమాసం వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో అంతవరకూ ఇల్లు కదలని అత్తయ్య, సోమవారాలు శివాలయానికి వెళ్తానన్నారు. కాలనీ చివరే గుడి. అక్కడ చిక్కు వచ్చింది. ఆవిడ చేతిలో పూలసజ్జ ఉంటుంది.

"వాసన చూసిన పువ్వు స్వామికి పెట్టకూడదు. మనిషి చూసిందే పనికిరాదు, కుక్క ముట్టె పెట్టింది ఎలా పెడతానే?"

ఆవిడ మాటలో నాకు తప్పు కనబడలేదు. దండ కట్టేటప్పుడు నేనూ పూలను మొహానికి దూరంగానే పట్టుకుంటాను. అందుకని ఒక ఉపాయం చేశాం. ఉత్త చేతులతో వెళ్ళేవాళ్ళను వాడు ఆపడు కాబట్టి, ఆవిడ అలా గేటు దాటి వెళ్ళి, గోడ అవతల నిలబడతారు. నేను ఇవతలి నుంచి గోడ మీదుగా సజ్జ అందిస్తాను. మొదటి సోమవారం బాగానే జరిగింది.

రెండో సోమవారం నేను స్నానాల గదిలో ఉన్నాను. అభిషేకానికి వేళ మించిపోతోందని అత్తయ్య నా కోసం ఆగలేదు. తర్వాత ఆవిడే చెప్పారు. సజ్జను తల కంటే ఎత్తుకు పట్టుకుని, వాడితో బతిమాలుతున్నట్టు, "స్వామికి నాన్నా, ఇవి చూడకూడదు" అన్నారట. వాడు అడ్డం నిలబడ్డాడు. ఆవిడ పక్క నుంచి అడుగు వేశారు.

అరుపు విని పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ గేటు ఊచ పట్టుకుని కూలబడి ఉన్నారు. కుడి మణికట్టు నుంచి రక్తం కారుతోంది. సజ్జ కింద పడి ఉంది. సుల్తాన్ చెల్లాచెదురుగా పడిన నందివర్ధనాలను ఒక్కొక్కటే వాసన చూస్తున్నాడు. అన్నీ చూశాక పక్కకు జరిగి, దారి వదిలి కూర్చున్నాడు.

ఆసుపత్రిలో కుట్లు వేశారు. కుక్కకు టీకాలు వేయించినా ఆవిడకు ఇంజెక్షన్లు తప్పవన్నారు. షుగరు ఉంది కాబట్టి గాయం మానడానికి చాలా రోజులు పడుతుందన్నారు. ఆవిడ దారంతా ఒక్క మాటే అన్నారు, వాడిని కొట్టొద్దని.

ఇంటికి వచ్చి వాడిని వరండా స్తంభానికి గొలుసుతో కట్టాను. మా ఇంటికి పెరడు లేదు. ఎక్కడ కట్టినా గేటు కనబడుతుంది. మధ్యాహ్నం పక్కింటావిడ పరామర్శకు వచ్చి, తెచ్చిన పాలు ఇచ్చి, ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్ళింది. ఆవిడ గేటు దాటుతుంటే వాడు ఒక్కసారి ముందుకు దూకాడు. గొలుసు వెనక్కి లాగింది. మళ్ళీ దూకాడు. ఆవిడ వీధి మలుపు తిరిగిపోయినా ఆగలేదు. మెడ చుట్టూ చర్మం ఒరుసుకుపోయింది. నేను దగ్గర కూర్చుంటే నా చేతిని నాకాడు, కానీ కళ్ళు గేటు మీదే ఉన్నాయి.

రేఖకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పకుండా, అత్తయ్యకు దెబ్బ తగిలిందన్నాను. ఆమెకు అర్థమైంది. నెమ్మదిగా అంది. "అక్కా, అది నీ ఇల్లు. నువ్వు చెప్పకుంటె నాకు తెల్వనట్టే."

కార్తీక సోమవారం కాబట్టి చుక్క కనబడ్డాకే భోజనాలు. మా ఆయన పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. అత్తయ్య ఉపవాసం వద్దని డాక్టరు కోప్పడినా వినలేదు. కుడిచేతికి కట్టు ఉండటంతో నిషిత పప్పన్నం కలిపి ఆవిడకు ముద్దలు పెడుతోంది. వరండాలో గొలుసు చప్పుడు ఆగి ఆగి వినబడుతోంది.

గొలుసు ఇంకాస్త పొడుగు చేద్దామన్నారు మా ఆయన. గేటుకు రేకు కొట్టిస్తే కనబడదు కదా అంది నిషిత. రేకు వెనక నుంచి మనుషుల అడుగులు వినబడవా అన్నాను. 

అత్తయ్య నోట్లో ముద్ద మింగి, "నేనే గుడికి వెళ్ళడం మానేస్తాను ప్రసన్నా. ఇంట్లో శివుడు లేడా? వాడు చేసింది వాడి పని. ఆగకుండా వెళ్ళింది నేను" అన్నారు.

నిషిత నా వైపు ఆశగా చూసింది. మా ఆయన తల ఎత్తలేదు. నేను పెరుగు గిన్నె కింద పెట్టాను.

"రేపు పొద్దున వాడిని రేఖకు అప్పగిస్తాను. కరిచాడని కూడా చెబుతాను."

"వెనక గదిలో పడేస్తారమ్మా" అంది నిషిత. 

"పడేస్తారు. ఆ గదుల్లోంచి గేటు కనబడదు నిషీ. ఎవరు వచ్చిందీ, ఎవరు వెళ్ళిందీ వాడికి తెలియదు. ఇక్కడ ఇక గొలుసు విప్పలేం, ఉన్నంతకాలం వాడు నిద్రపోడు."

అత్తయ్య ఎడమచేత్తో నిషిత చేయి పట్టుకుని, ఇక చాలన్నట్టు ముద్ద వెనక్కి నెట్టారు. మా ఆయన కంచం పక్కకు జరిపి అన్నారు.

"పొద్దున సెలవు పెడతాను. నేనూ వస్తాను."