పాత పడుగు కొసలు

మనమాయ పొద్దున్నే మగ్గం ముందు కూర్చుని, కోసి తీసేసిన జంపఖానా తాలూకు పాత పోగుల కొసలకు కొత్త పోగులు ముడివేస్తోంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక మెలిక, అంతే. పాత కొసలు తెంపేస్తే ప్రతి పోగునూ మళ్ళీ మొదటినుంచి మగ్గం అచ్చులోకి దూర్చుకోవాలని పంతొమ్మిదేళ్ళ క్రితం అత్త రాజక్క నేర్పింది. నేపాల్ కొండల నుంచి అన్న వెంట హన్మకొండకు వచ్చి, కొత్తవాడ రాజమౌళిని చేసుకున్న కొత్తలో ఆమెకు పట్టుబడ్డ మొదటి తెలుగు మాటలు పోగు, ముడి, కండె.

రాజమౌళి పోయి రెండేళ్ళయింది. ఆయన సభ్యత్వం ఆమె పేరుకు మారాలంటే ఈ దేశపు పౌరురాలై ఉండాలన్నారు చేనేత సొసైటీ వాళ్ళు. సభ్యత్వం లేకపోతే నూలు రాదు. నూలు రాకపోతే మగ్గం ఆగిపోతుంది. ఈరోజు పదకొండింటికి కలెక్టరాఫీసులో ప్రమాణం. నేపాల్ పౌరసత్వ కార్డు అక్కడే అప్పగించాలి.

"నిజమైన విశ్వాసం, విధేయత..." ముడికో మాట చొప్పున వల్లె వేస్తోంది.

కండెలు చుడుతున్న రాజక్క రాట్నం ఆపింది. "విధేయతంటే ఏందే?"

"మాట వినుడు అత్తమ్మా."

"నా మాట ఎన్నడన్న విన్నవా? సర్కారు మాట ఇంటదట!"

మనమాయకు నవ్వొచ్చింది. మొన్న విచారణకు వచ్చిన ఆఫీసరు ఈమెకు తెలుగు వచ్చా అని అడిగితే, "రోజు నాతోని కొట్లాడుతది సారూ, ఏ భాషల అనుకున్నవ్?" అని నిలదీసింది రాజక్కే.

తెల్లటి పోగులు కళ్ళముందు మంచులా పరుచుకుంటున్నాయి. ఆ మంచులోంచి తండ్రి నడిచి వస్తున్నాడు. పదహారేళ్ళప్పుడు కార్డు కోసం ఆమెను రెండు రోజులు నడిపించిన దారి అది. కానీ పక్కన లోయ లేదు, ధర్మసాగర్ చెరువు నీళ్ళున్నాయి. కట్ట మీద ఆగి ఆయన ఏదో అడుగుతున్నాడు. ఆమె తెలుగులో జవాబు చెబుతోంది. ఆయనకు అర్థం కావడం లేదు.

"మాయా, నల్లా వచ్చింది!" రాజక్క కేకేసింది.

బిందెలు నింపి, స్నానం చేసి, ట్రంకుపెట్టె తెరిచింది. కార్డు చుట్టూ తండ్రి పాత టోపీలోంచి చింపిన పూల గుడ్డ. ఆయన పోయిన కబురు ఫోన్లోనే విన్నది. ఆయన పక్కన నిలబడి రాయించిన కాగితం ఇదొక్కటే.

"మళ్ల ఇయ్యరా?" అంది రాజక్క.

"ఇయ్యరు అత్తమ్మా."

రాజక్క లేచి వచ్చి, కోడలి కుచ్చిళ్ళకు అంటిన నూలు దులిపింది. "మిగిలిన పోగులు నేనేస్త. కండ్లకు కనవడకున్నా వేళ్లకు ఎరుకే. పైలం."

"పోయొస్త" అనకుండా మనమాయ ఏనాడూ గడప దాటలేదు. ఈరోజు ఆ మాటకు బదులు కార్డు చుట్టూ ఉన్న గుడ్డ విప్పి మగ్గం మీద పెట్టింది. కార్డు సంచిలో వేసుకుని, తల వంచుకుని వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళ మడతల్లో పడ్డ కార్డు ఆకారం చెదరకుండా, టోపీ గుడ్డ మగ్గం పలక మీద ఉండిపోయింది.