టైలరమ్మను దించిన పిల్లలు

లిఫ్టు చెడిపోయి పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజుల్లో నాలుగో అంతస్తు టైలరమ్మ నోట పడని మనిషి ఆ భవనంలో లేడు. సంఘం సెక్రటరీని తిట్టింది, లిఫ్టు మెకానిక్కును తిట్టింది, మెట్లు అంత ఎత్తుగా కట్టిన మేస్త్రీని ఏడు తరాలతో సహా తిట్టింది. నలభై ఏళ్లు మిషను తొక్కీ తొక్కీ ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. మూత్రపిండాలు రెండేళ్ల కిందటే చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రి వ్యాను వచ్చి వాకిట్లో పది నిమిషాలు ఆగుతుంది. ఆలోగా కిందికి చేరితే డయాలసిస్ ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

మొదట అక్క కొడుకు వచ్చి వీపున వేసుకుని దించాడు, తిరిగొచ్చాక ఎక్కించాడు. మూడోసారికి అతని నడుము పట్టేసింది. ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు. దాంతో ఒక విడత తప్పింది. టైలరమ్మ ముఖం పొంగింది. పడుకుంటే ఊపిరాడక, కుర్చీలో కూర్చునే కునుకు తీసింది.

పన్నెండో రోజు పొద్దున ఎవరో తలుపు కొట్టారు. తీస్తే నలుగురు పిల్లలు. ముందు నిలబడ్డది పదహారేళ్ల పొడుగుపిల్ల.

“మామ్మగారూ, మేం స్కూలు సేవాదళం నుంచి...”

“నేనెవరికీ మామ్మని కాను.”

“సరే, టైలరమ్మగారూ. మిమ్మల్ని కిందికి దించడానికొచ్చాం. వ్యానుకింకా పావుగంటుంది.”

టైలరమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. రెండో అంతస్తు పిల్ల. ఈ పిల్ల తల్లే ఆరేళ్ల కిందట, మిషను చప్పుడుకు మా అమ్మాయి చదువు పాడవుతోందని సంఘంలో ఫిర్యాదు చేసింది. అప్పట్నుంచి ఆ రెండిళ్లకూ మాటల్లేవు.

“నీ చదువు పాడుచేసిన మిషను అదుగో, చూసుకో. మీ అమ్మ పంపిందా, ఇది ఉందో పోయిందో చూసి రమ్మని?”

“మా అమ్మకు తెలీదు. తెలిస్తే చంపుతుంది.”

“మరెందుకొచ్చావు, పుణ్యం మూటగట్టుకోడానికా?”

“సర్టిఫికెట్ కోసం. నలభై గంటలు సేవ చేస్తే ఇస్తారు. పార్కులో చెత్తన్నా ఏరాలి, మిమ్మల్నన్నా మొయ్యాలి.”

“వెళ్లి చెత్తే ఏరుకో.”

“చెత్తయితే నోరెత్తదు, సుఖంగా ఉండేది. కానీ ఒక్కరోజు ఎత్తకపోతే చచ్చిపోదు. ఎత్తమంటారా, పొమ్మంటారా?”

ఆవిడ జన్మలో ఎవరూ ఆవిడతో అలా మాట్లాడలేదు. చెంప పగలగొట్టాలనిపించింది. కానీ చెయ్యెత్తడానికే ఓపిక లేదు.

వంటగదిలోని చెక్కకుర్చీ తెచ్చి కూర్చోబెట్టారు. పడకుండా నడుముకు తాడు కట్టారు. ఇద్దరు ముందుకాళ్లు పట్టుకున్నారు, పొడుగుపిల్లా ఇంకొకడూ వీపు పట్టుకున్నారు. మొత్తం డెబ్బై రెండు మెట్లు. కింద వ్యాను హారన్ కొడుతూనే ఉంది. మెట్టు మెట్టుకూ తాడు పక్కటెముకల్లోకి దిగుతుంటే టైలరమ్మ నలుగురినీ వరసపెట్టి తిట్టింది.

“తాడేసి బిగించడానికి నేనేమన్నా పరుపుచుట్టనా!”

“పరుపు తేలికండీ,” అన్నాడు ముందుకాలు పట్టుకున్న గుండువాడు రొప్పుతూ. మధ్యాహ్నం వ్యాను తిరిగొచ్చాక, బడి భోజనాల వేళలో వచ్చి అలాగే పైకి ఎక్కించారు.

మర్నాడు ఆవిడ మిషను ముందు కూర్చుంది. పాత గుడారం గుడ్డ నుంచి తన నడుముకొకటి, కుర్చీ ఎత్తడానికొకటి రెండు వెడల్పు పట్టీలు కత్తిరించి, మూడేసి వరసలు కుట్టేసి, రెండోదానికి నాలుగు పిడులు తగిలించింది. పిల్లలు వచ్చేసరికి వాళ్ల మొహాన విసిరింది. “మీకోసం కాదు, నా ఎముకల కోసం. ముడెయ్యడం కూడా రాని మొహాలు.”

పట్టీలు వచ్చాక పన్నెండు నిమిషాల పని ఏడు నిమిషాలకు దిగింది. తిట్లు మాత్రం దిగలేదు. పిల్లలూ తక్కువ తినలేదు. ఆవిడ బరువు మీద జోకులేసుకున్నారు, వెనక్కి తిరిగి వెక్కిరించారు. ఒకళ్ల మీద ఒకళ్లు కూడా పడ్డారు. నువ్వు పట్టుకోవట్లేదంటే నువ్వు పట్టుకోవట్లేదని కొట్టుకున్నారు. పొడుగుపిల్ల ఇద్దరినీ చెరో మెట్టు మీద నిలబెట్టి, “ఆమెను దించాక కొట్టుకు చావండి. అప్పటిదాకా మీరు కుర్చీకాళ్లు, అంతే!” అని అరిచింది.

పార్కులో చెత్త ఏరినదానితో కలిపి ఐదో వారానికి నలభై గంటలూ నిండాయి. వంతులవారీగా వచ్చే తొమ్మిది మందిలో ఐదుగురు ఆ రోజునుంచే మాయమయ్యారు. మంగళవారం పొద్దున టైలరమ్మ కుర్చీలో కూర్చుని, ఇక ఎవరూ రారని మనసు రాయి చేసుకుంది. సరిగ్గా ఏడూ నలభై ఐదుకు తలుపు చప్పుడైంది.

“నీ గంటలైపోయాయిగా. మళ్లీ ఎందుకు తగలడ్డావు?”

“నాకూ అర్థం కావట్లేదు,” అంది పొడుగుపిల్ల మొహం ముడుచుకుని. “చేతులెత్తండి, పట్టీ వెయ్యాలి.”

ఆ గురువారమే ప్రమాదం జరిగింది. రెండో అంతస్తులో ఎవరో మెట్లు కడిగి తుడవకుండా వదిలేశారు. గుండువాడి కాలు జారింది, కుర్చీ ఒరిగింది. పొడుగుపిల్ల తన భుజం అడ్డుపెట్టి ఆపింది గానీ, టైలరమ్మ మోచెయ్యి గోడకు గీసుకుపోయి నెత్తురొచ్చింది. ఆ కేకలకు తలుపు తెరిచింది పొడుగుపిల్ల తల్లి. కూతురు, ఆ కుర్చీ, కుర్చీలో ఆ మనిషి!

“రోజూ పొద్దున్నే స్నేహితురాలితో చదువుకుంటున్నానన్నావే, ఇదా ఆ చదువు?” ఆవిడ గొంతు ఐదంతస్తులకూ వినిపించింది.

మధ్యాహ్నం ఆవిడను పైకి చేర్చీ చేర్చగానే సెక్రటరీ నోటీసు అంటించాడు. పిల్లలు మనుషులను మోయడం నేటినుంచి నిషేధం. సాయంత్రం ఆరింటికి కింద హాల్లో అత్యవసర సమావేశం.

ఆరుకు పది నిమిషాలుండగా టైలరమ్మ ఫోన్ చేసింది. “ఒసే పొడుగూ, రండి. నన్ను దించండి.”

“నిషేధమట.”

“నేను పైనుంచే అరిస్తే వాళ్లకు వినపడదే. దించు!”

హాల్లోకి కుర్చీ రాగానే అందరూ పక్కకు జరిగి దారిచ్చారు. మోచేతి కట్టు చూసి, ఈవిడే పిల్లల పని పడుతుందిలే అన్నట్టు సెక్రటరీ తల పంకించాడు. “చెప్పండి టైలరమ్మగారూ. ఏదైనా జరగరానిది జరిగితే బాధ్యత ఎవరిది?”

“వీళ్లు నన్ను పడేశారు. నిజమే,” అంది టైలరమ్మ. “మీరెవరూ పడెయ్యలేదు. ఎత్తితే గదా పడెయ్యడానికి! మొదటి అంతస్తు వ్యాయామం మాస్టారూ, రోజూ ఆ ఇనప గుండ్లు ఎత్తుతారే, నా బరువు అంతకన్నా ఎక్కువా? ఈ పిల్లలు నోటి దురుసు పిల్లలు. మర్యాద లేదు, ముడెయ్యడం రాదు. కానీ నేను బతికున్నది వీళ్లవల్ల. మీ నోటీసువల్ల కాదు.”

పొడుగుపిల్ల తల్లి లేచింది. “ఆవిడ బతకాలి, సరే. నా కూతురి నడుము విరిగితే?”

“నువ్వొక పక్క పట్టుకుంటే విరగదమ్మా,” అంది కూతురు.

ఆ పిల్ల నోట్‌బుక్కులోంచి కాగితం చింపి బల్ల మీద పెట్టింది. “పిల్లలే మొయ్యకూడదంటే ఒప్పుకుంటా. ప్రతిసారీ ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. మంగళ, గురు, శని. పేర్లు రాయండి. రాయనివాళ్లు ఎందుకు రాయలేదో ఆవిడ ముందే చెప్పి వెళ్లండి. ఇంకోటి, లిఫ్టు కంపెనీకి ఉత్తరం రాశానని సెక్రటరీగారు ఆరు వారాల్నుంచి చెప్తున్నారు. ఆ ఉత్తరం చూపించమనండి.”

సెక్రటరీ మొహం ఎర్రబడింది. ఉత్తరం లేదు. ఆయన ఏదో నసుగుతుంటే వ్యాయామం మాస్టారు తలెత్తకుండా వచ్చి మంగళవారం కింద పేరు రాశాడు. మెల్లిగా ఇంకో ఇద్దరు వచ్చారు. అందరికన్నా చివర వచ్చింది పొడుగుపిల్ల తల్లి. గురువారం కింద గీకి, పెన్ను బల్ల మీదికి విసిరికొట్టింది. “మీకోసం కాదు,” అంది టైలరమ్మతో, ఆరేళ్ల తర్వాత మొదటి మాటగా.

“తెలుసు,” అంది టైలరమ్మ. “నాకూ నువ్వంటే పడి చావట్లేదు.”

మరుసటి గురువారం ఆ తల్లి ముందుకాలు పట్టుకుంది. ఇద్దరి ముఖాల మధ్య మూరెడు దూరం. డెబ్బై రెండు మెట్లూ ఒకళ్లనొకళ్లు మింగేసేలా చూసుకుంటూనే దిగారు. వ్యాను దగ్గర టైలరమ్మను సీట్లోకి ఎక్కిస్తూ ఆమె, “ఒకే భవనంలో ఉన్నవాళ్లం, మాకు ముందే చెప్పొచ్చుగా,” అంది కోపంగా. “నువ్వు అడగొచ్చుగా,” అంది టైలరమ్మ అంతకన్నా కోపంగా.

పొడుగుపిల్ల భవనమంతా సంతకాలు పట్టుకుని, గుండువాడిని వెంటేసుకుని లిఫ్టు కంపెనీకి తానే వెళ్లింది. అక్కడివాళ్లు కసిరారు. మూడుసార్లు వెళ్లాక ఇక భరించలేక, మూడు వారాల్లో భాగం తెప్పించి బిగిస్తామన్నారు. ఈలోగా ఎదురు భవనంలో మెట్లు దిగలేని ముసలాయన ఒకడున్నాడని తెలిసి అక్కడా ఒక పేర్ల కాగితం అంటించింది. మాయమైన ఐదుగురిలో ముగ్గురు తల దించుకునే తిరిగొచ్చారు.

లిఫ్టు బాగవడానికి ముందు శనివారం పొడుగుపిల్లకు పరీక్ష. తన బదులు ఏడో తరగతి పిల్లను పంపింది. జానెడు మనిషి. ఆ రోజు మోసేవాళ్లలో సెక్రటరీ ఒకడు.

“ఇదెవరు? వేలెడంత లేదు. ఇది నన్ను దించడమా? ఆ పొడుగుదాన్ని పిలవండి!” టైలరమ్మ అందుకుంది.

వేలెడంత పిల్ల సెక్రటరీని కుర్చీ వెనక్కి నెట్టి, ఆయన చేతులు పిడుల మీద సరిచేసి, టైలరమ్మ ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“మీరు తిడుతుంటే వీళ్లకు నా మాట వినపడదు. మీరు ఆపితేనే ఎత్తుతాం. వ్యాను వెళ్లిపోతే నాకు తెలీదు.”

సెక్రటరీ బిత్తరపోయి చూశాడు. టైలరమ్మ నోరు తెరిచింది, ఆ పిల్ల మొహంలోకి చూసింది, మూసుకుంది. కింది గుమ్మం దాటేదాకా మళ్లీ తెరవలేదు. వ్యాను ఎక్కాక మాత్రం ఆసుపత్రి దాకా డ్రైవరును తిడుతూనే ఉంది.