చైను లేని లేడీస్ సైకిల్

నా భార్య లూర్దమ్మ సైకిల్‌ని నా మరదలు క్యాథరిన్ దానం చేసేసింది. నన్ను అడగలేదు. ఇందులో ఇంకో మాటకి తావు లేదు. ఆమే ఒప్పుకుంది.

నేను టైర్లకని విశాఖపట్నం వెళ్లి అరకు తిరిగొచ్చేసరికి మా సైకిల్ షాపు వెనక వసారా ఖాళీగా ఉంది. లూర్దమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జబ్బు పడ్డాక తను బండి ఎక్కడం మానేసింది. “కొండ మీదివాళ్లెవరో అడిగారు బావా, ఇచ్చేశాను,” అంది క్యాథరిన్. లూర్దమ్మ ఇటు తిరగలేదు. ఆ వానాకాలంలోనే పోయింది. నాలుగేళ్లుగా నేను క్యాథరిన్‌తో మాట్లాడటం లేదు.

మొన్న జీపు డ్రైవరు మల్లేశు పంక్చరు వేయించుకోడానికి వచ్చి, అలాంటి ఆకుపచ్చ బండిని ముంచింగిపుట్టు సంతలో చూశానన్నాడు. ముందు మడ్‌గార్డుకి గొడుగు ఊచ ఉందా అని అడిగాను. ఉందన్నాడు. మడ్‌గార్డు కమ్మీ విరిగినప్పుడు దాని బదులు ఆ ఊచ బిగించింది నేనే.

సంత రోజున ఒక స్పానరు, బస్సు టాపు మీద కట్టడానికి తాడు పట్టుకుని బయల్దేరాను. బండిని ఇంటికి తేవాలి. అంతే పని.

సంత మొదట్లోనే నా కాళ్లు ఆగిపోయాయి.

నేను ఇన్నేళ్లూ అమ్మినవన్నీ నిటారుగా కూర్చుని తొక్కే పాతకాలం బళ్లే. సింగిల్ బారు, డబుల్ బారు, లేడీస్. పాల క్యాన్లకి, గ్యాస్ బండలకి, బస్తాలకి డబుల్ బారు. సీటు నుంచి హ్యాండిల్ మెడ దాకా రెండు గొట్టాలుంటాయి, దున్నపోతులా మోస్తుంది. లేడీస్ బండికి ఆ బారు ఉండదు. గొట్టాలు వంగి పెడల్ దాకా దిగిపోతాయి. చీర నలగకుండా చైనుకి నిండు కవరు, వెనక చక్రానికి వల. అది టీచర్లకి, నర్సులకి. బరువుకి పనికిరాదని షాపులో అందరికీ చెప్పాను.

ఇక్కడ కొండ దారిన వరసగా దిగుతున్నవి ఆ లేడీస్ బళ్లే. తోసుకొస్తున్నది మగవాళ్లు. ఒక్కరూ తొక్కడం లేదు. బారు ఉండాల్సిన ఖాళీలో నిండు బస్తా, పెడళ్ల మీదికి దిగబడి, ఒళ్లో బిడ్డలా కూర్చుని ఉంది. ఒకటి దగ్గరికి రాగానే వంగి చూశాను. చైను కవరులో చైను లేదు.

“ఏటి బాబూ, అలా సూత్తన్నారు?” అన్నాడు దాన్ని తోస్తున్నవాడు.

“చైనేదీ?”

“పీకీసినాను. ఎక్కినప్పుడు తోత్తాం. దిగినప్పుడు అదే దొర్లిపోద్ది. మద్దిన సైనుకి పనేటి? తిని తొంగోడమే.”

“నీలాగున!” అంది వెనక బుట్టతో వస్తున్న అతని భార్య. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. హ్యాండిల్ పట్టుకుని తోసి చూశాను. అంత బస్తాతోనూ ఒక్క చేతికి లొంగింది. డబుల్ బారు బండికి బరువు క్యారియర్ మీద పెడితే ఎత్తులో ముందు చక్రం లేస్తుంది, బారుకి వేలాడదీస్తే ఊగుతుంది. ఇక్కడ బరువంతా రెండు చక్రాల నడుమ, నేలకి దగ్గరగా ఉంది. బస్తాని పైకెత్తే పనే లేదు, పక్కనుంచి దొర్లిస్తే చాలు. బ్రేకు చూశాను. మామూలు కమ్మీ బ్రేకే, కానీ దాని రబ్బర్లు లారీ టైరులోంచి కోసినవి. వాటిని వేలితో నొక్కి చూశాను. కుర్రతనంలో కూడా ఒక బండిని అంతసేపు చూసినట్టు గుర్తులేదు.

అప్పుడు కనిపించింది గొడుగు ఊచ. రంగు సగం రాలిపోయి, మిగిలిన ఆకుపచ్చ బస్తా చాటున ఉండబట్టి బండిని పోల్చుకోలేదు.

“ఇది నా ఇంటి బండి,” అన్నాను. తాడు బయటికి తీశాను.

అతని మొహంలో నవ్వు పోయింది. పేరు సుక్రు అన్నాడు. “మీరు అరకు షాపు బాబు గదా! నాను మిమ్మల్నే లేడీస్ బండి అడిగినాను. ‘సీర కట్టుకుని రా, ఇత్తాను’ అని నవ్వినారు.”

అలా చాలామందిని అన్నాను. అతను గుర్తు లేడు.

“బండిని పట్టుకెళ్తాను.”

“పట్టికెల్లండి. బస్తా దించీసి ఇత్తాను.” తాడు విప్పడం మొదలెట్టాడు. “మరి అమ్మనొక్క మాట అడిగినారా?”

“నా భార్య పోయి నాలుగేళ్లయింది.”

అతని చేతులు ఆగాయి. తలపాగా తీసి భుజాన వేసుకున్నాడు. భార్య బుట్ట దించింది.

“నాకు తెలీదు బాబూ. ఆ యేల మల్లీ వొచ్చినాను. మీరు లేరు. అమ్మ గోడ పట్టుకుని బయిటికి వొచ్చినారు. ‘ఆయన నవ్వడం ఇన్నాను, పట్టికెల్లు’ అని ఆరి సేత్తోనే నాకు అప్పజెప్పినారు.”

“ఇచ్చింది క్యాథరిన్.”

“ఆ సెల్లెలమ్మా? ఆవిడ వొద్దన్నాది. ‘బావ ఊరుకోడు అక్కా’ అన్నాది. ‘అయితే నువ్వే ఇచ్చీసినావని సెప్పు, నన్నయితే బతకనివ్వడు’ అన్నారు అమ్మ.”

భార్య అతని మోచేతి మీద గట్టిగా కొట్టింది. విప్పిన తాడు అతని చేతిలో ఉంది. బస్తా ఒక పక్కకి ఒరిగింది. చుట్టూ జనం ఆగి చూస్తున్నారు. నేనేం చేస్తానో అందరికీ కావాలి.

“కట్టు,” అన్నాను.

“బాబూ?”

“విప్పిందంతా మళ్లీ కట్టు. సంతకి ఆలస్యమవుతోంది.”

అతను కట్టాడు. ముడి సరిగా ఉందో లేదో చూసి బస్సుకి వెళ్లిపోయాను.

అరకులో దిగేసరికి క్యాథరిన్ మా షాపు అరుగు మీద కూర్చుని ఉంది. ఎక్కడికి వెళ్లానో మల్లేశు చెప్పి ఉంటాడు.

“బండి దొరికిందా బావా?”

“ఆ.”

“తేలేదేం?”

షాపు షట్టరు ఎత్తాను. ఆమె లేచి దగ్గరికి వచ్చింది. కళ్లలో భయం ఉంది. “వాళ్లేమైనా చెప్పారా?”

నాలుగేళ్లు ఇద్దరూ కలిసి నాకు అబద్ధం చెప్పారు. ఒకతె చచ్చిపోయి, ఇంకొకతె బతికుండి. ఆ మాట పోయినదాన్ని అడగలేను. ఉన్నదాన్ని అడగను.

“క్యాథరిన్, ఇంటికెళ్లు,” అన్నాను. “ఆ సైకిల్ ఊసు ఈ గుమ్మం దగ్గర మళ్లీ ఎత్తకు. నీ దగ్గరే కాదు, ఎవరి దగ్గరా నేనూ ఎత్తను.”