ఊట దగ్గర పాతిన గుంజ

ప్రాంతీయ మండలి పెద్దల్లారా, వైపురెహు ఏటిని చంపింది మీరే. పేడనీళ్లు వదిలింది పాల కంపెనీ, నిజమే. వదులుకోమని సంతకం పెట్టింది మీరు. నేల మీ చేతిలో, నీళ్లు మీ చేతిలో, వాటి మంచిచెడ్డలు కొలిచే పెట్టె కూడా మీ చేతిలోనే. దొంగ చేతికి తాళాలిచ్చి ఊరు ఎవరికి మొరపెట్టుకోవాలి?

ఆ ఉదయం డెబ్బైయొక్కేళ్ల రావీనియా మోకాలి లోతు నీళ్లలో నిలబడి చచ్చిన మలుగుల్ని, పాముల్లా పొడుగ్గా ఉండే చేపల్ని, ఏరుతోంది. ముప్పై నలభై ఏళ్లు ఏట్లో బతికి, గుడ్లు పెట్టడానికి ఒకే ఒక్కసారి సముద్రానికి బయల్దేరతాయవి. ఈసారి కంపెనీ కాలువ ఏట్లో కలిసే చోటే తెల్లటి పొట్టలు తేలేసి ఆగిపోయాయి. ఒక్కోటి మనిషి చెయ్యంత లావు.

మండలి ఉద్యోగి డెరెక్ గట్టు దిగలేదు. ఫోన్లోకి చూసి, "పెట్టె పంపే అంకెలు బాగానే ఉన్నాయమ్మా. మీ ఏరు 'మంచి' తరగతిలోనే ఉంది" అన్నాడు.

"ఆ మాట వీటికి చెప్పు నాయనా. లేచి ఈదుతాయేమో."

ఎగతాళి చేసింది గానీ, ఆ అంకెలు అంత బాగా ఎందుకుంటున్నాయో ఆమెకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఏట్లోకి పేడనీళ్లు వదలడానికి కంపెనీ ఇంకో పాతికేళ్లకి అనుమతి అడిగింది. గురువారం మండలి తేల్చేస్తుంది. ఆదివారం, ఏటి ఒడ్డున తరతరాలుగా బతికే మావోరీ జనమంతా మరాయెలో, తమ ఉమ్మడి ఇంట్లో కూడారు. కూడీ కూడగానే కొట్లాట.

"కంపెనీ మూతపడితే నా పిల్లలకి నువ్వు పెడతావా?" అని లేచాడు తూరోవా. కంపెనీ షెడ్డులో ఎనిమిది వందల ఆవుల పొదుగులకి యంత్రాలు తగిలించే కూలీ అతను.

"నీ పిల్లలు తాగే నీళ్లేవిరా? సీసాలు మొయ్యట్లా నువ్వు?" అన్నాడు రావీనియా మేనల్లుడు తామిహానా.

"మోస్తున్నా! ఆ కాలువ తూము ఎత్తే చెయ్యీ నాదే! నాకు నిద్ర పడుతోందనుకున్నావా?"

"మరి ఎత్తకు."

"ఎత్తకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటారు. నేనొక్కణ్ణే చస్తే ఏరు బతుకుతుందా?"

తామిహానా మాట మార్చాడు. "పదిహేనేళ్ల రికార్డు వాళ్లది," అన్నాడు నీరసంగా. "ఏటా 'మంచి', 'మంచి' అనే ఉంది. దాన్ని దేంతో కొడతాం?"

రావీనియా లేచింది.

"ఆ కొలత గుంజ ఊట దగ్గర పాతించింది నేను."

అందరి తలలూ ఇటు తిరిగాయి.

"మండలివాళ్లు వచ్చి నీళ్లు కొలవాలి, మీ ఏరు చూపించండి అన్నారు. గడపలోకొచ్చినవాళ్లకి మనం ఏం చూపిస్తాం? ఉన్నదాంట్లో మంచిది చూపిస్తాం. గొంతెత్తి పాటతో పిలుచుకుంటూ ఊట దగ్గరికి తీసుకెళ్లా. దోసిలి పట్టి తాగించా. తాగి, అక్కడే గుంజ పాతి పెట్టె బిగించుకున్నారు. కాలువకి మైలు ఎగువన! ఊటనీళ్లు ఎప్పుడు చెడాయి గనక? నేను మర్యాద చేశా. వాళ్లు దాన్ని సాక్ష్యం చేసుకున్నారు."

"ఎప్పుడు తెలిసిందత్తా నీకు?" అన్నాడు తామిహానా.

"మూడేళ్లకే. సిగ్గేసి నోరు మూసుకున్నా. మా ఆయన హాకోపా పోయిన రోజు గుర్తుందా? యాభై ఏళ్లు మలుగుల కోసం బుట్టలల్లిన మనిషి. కడచూపుకి నాలుగు వందల మంది వచ్చారు. ఏటి చేప ఒక్క ముక్క పెట్టలేకపోయా. కొట్లో కొన్న కోడికాళ్లు పెట్టాం. పాపం, ఒక్కరూ మాటనలేదు. ఒక్కరన్నా తిట్టుంటే బాగుండేది."

తూరోవా తల దించుకునే అన్నాడు: "ఆరోజు మా నాన్న కూడా నీ వెనకే ఉన్నాడత్తా. నువ్వొక్కదానివే పాతించావా ఏంటి?"

గురువారం మండలి ఆమెకి మూడు నిమిషాలిచ్చింది. అధ్యక్షురాలు మెత్తగా విని, మెత్తగానే కోసింది. "మీ బాధ అర్థమైంది. కానీ గుంజ కదిపితే పదిహేనేళ్ల రికార్డు తెగిపోతుంది."

"రికార్డు తెగకూడదా? మలుగుల వంశం తెగొచ్చా?"

గంట కొట్టారు. చేతులెత్తి ఓటేశారు. పాతికేళ్లు రాసిచ్చేశారు.

శుక్రవారం పొద్దున అరవై మంది కదిలారు. ముందు ఊట దగ్గరికెళ్లారు. రావీనియా వంగి నీళ్లు తాకి, ఏటిని క్షమించమని అడిగింది. కుర్రాళ్లు గుంజ పెకలించారు. పెట్టెతో సహా భుజాలకెత్తుకుని మైలు దూరం మోశారు. ఆడవాళ్లు శవం ముందు ఏడ్చినట్టే ఏడుస్తూ నడిచారు. దారి మధ్యలో కంపెనీ గేటు. దాని తాళం తీసింది తూరోవా. తీసి, కంపెనీ ఇచ్చిన చొక్కా విప్పి గేటుకి తగిలించి, జనంలో కలిశాడు.

కాలువ నోటికి పది గజాల దిగువన, పేడనీళ్లలో గుంజ దిగింది.

కాసేపటికి డెరెక్ వచ్చాడు, వెంట పోలీసులు. అతని జేబులో ఫోను ఆగకుండా మోగుతోంది.

"ఏమంటోంది బాబూ నీ ఫోను?" అంది రావీనియా.

తీసి చూశాడు. "ఎరుపు," అన్నాడు. "హద్దుకి పదకొండింతలు."

"గట్టిగా చెప్పు. అందరూ వినాలి."

అతను పోలీసుల వంక చూశాడు. ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

మండలి ఆస్తి పాడుచేసిందని రావీనియాకి బేడీలు వేశారు. తూరోవానీ పోలీసు బండెక్కించారు. బండెక్కుతూ ఆమె వెనక్కి తిరిగి ఒకే మాట అరిచింది: "తియ్యనివ్వకండి!"

తియ్యనివ్వలేదు. మిగిలినవాళ్లు గుంజ చుట్టూ చేతులు పెనవేసుకుని నీళ్లలో నిలబడ్డారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

పాతికేళ్ల అనుమతి చించెయ్యాలి. రావీనియానీ తూరోవానీ ఇవాళే విడిచిపెట్టాలి. ప్రతి కాలువ నోటి దగ్గరా గుంజ పడాలి, ఎక్కడ పాతాలో ఆ నీళ్లు తాగేవాళ్లే చెప్పాలి. షెడ్డుల్లో కూలీల్లారా, తూములు దించండి. చదువుకునే పిల్లల్లారా, పుస్తకాలు మూసి ఏటికి రండి. నీళ్లు మంచులా ఉన్నాయి, ముసలివాళ్లు కూడా దిగి ఉన్నారు. వాళ్ల కాళ్లు తిమ్మిరెక్కకముందే రండి.