రాని పరుగులు

పిల్లలూ, ఒక లెక్క అడుగుతాను. రాని పరుగును ఎలా లెక్కపెడతారు?

సున్నా అంటావా? తప్పని అనను గానీ తొందరపడ్డావు. గిన్నెలు సగమే కడిగాను. చేతులు ఆరేలోగా ఒక సంగతి చెబుతాను, చివర్లో మళ్లీ అడుగుతాను.

కార్వర్ ఊరి బేస్‌బాల్ జట్టులో వెర్లిన్ హాచ్ క్యాచర్. బ్యాటు పట్టుకున్నవాడి వెనక గొంతుకూర్చుని, విసిరిన బంతినల్లా పట్టడం అతని పని. బంతి చేయిదాటి వెనక్కి పోయిందా, మూడో బేస్ దగ్గర కాచుక్కూచున్నవాడు హోమ్‌కి, అంటే బ్యాటు కొట్టే చోటికి, పరిగెత్తుకొచ్చి పరుగు పట్టుకుపోతాడు. నేలకు కొట్టుకుని అడ్డదిడ్డంగా లేచే బంతిని వెర్లిన్ ఛాతీతో ఆపేవాడు, మోకాలితో ఆపేవాడు, ఒకసారి గడ్డంతో ఆపి వారం రోజులు సూపే తాగాడు.

అలా ఆపిన పరుగులు ఆట అయ్యాక పిల్లులై అతని వెంట ఇంటికి వచ్చేవి.

అతని భార్య ఓపల్ వాకిట్లో మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేది. "ఇవాళెన్ని?" అనేది.

"రెండే."

"ఆ బూడిద రంగుది కుంటుతోందేం?"

"మూడో బేస్ నుంచి వస్తూ జారిపడిందిలే. తగ్గిపోతుంది."

పాలవాడు చెప్పకుండానే రెండు సీసాలు ఎక్కువ పెట్టి వెళ్లేవాడు. ఎదురింటి నొవాక్ గారావిడ మాత్రం, "మీ ఆయన పరుగులు నా టమాటా మడి తవ్వేస్తున్నాయమ్మా, వాటికో కంచె వేయించండి" అని సణిగేది. ఆగస్టు వచ్చేసరికి ఇంటి కప్పు మీద, పంపు గట్టు మీద, ఎక్కడ చూసినా అవే.

కొట్టడం దగ్గరికొచ్చేసరికి వెర్లిన్ పని అంతంతమాత్రం. జట్టు యజమాని గంథర్‌కి ట్రాక్టర్ల దుకాణం ఉండేది. ఏ ట్రాక్టర్‌కి ఎంత బలమో బోర్డు మీద రాసినట్టే, ఆటగాళ్ల సగటులు కూడా గేటు దగ్గర సుద్దతో రాయించేవాడు. వెర్లిన్ పేరు పక్కన నూట తొంభై ఒకటి. వెయ్యిసార్లు ప్రయత్నిస్తే నూట తొంభై ఒక్కసార్లు తగులుతుందని అర్థం.

ఇక్కడో కిటుకుంది, వినండి. గురి తప్పి వచ్చే నాలుగు చెడ్డ బంతుల్ని కొట్టకుండా వదిలేస్తే ఊరికే మొదటి బేస్‌కి నడిచిపోవచ్చు. ఆ ఓపిక వెర్లిన్‌కి ఉన్నట్టు జట్టులో ఇంకెవరికీ లేదు. కానీ ఆ నడక సగటులో చేరదు. సగటు దృష్టిలో ఆసారి అతను అసలు బ్యాటే పట్టలేదు.

ఒక శుక్రవారం కోచ్ ప్రొహాస్కా అతన్ని పక్కకి పిలిచాడు. జట్టంతా ఆయన్ని స్కిప్పర్ అనేవారు.

"ఆదివారంలోగా రెండు వందలు దాటించు, వెర్లిన్."

"దాటకపోతే?"

"ఒక కుర్రాణ్ణి తెస్తున్నారు. సగటు మూడు వందల పదట."

"బంతి ఆపుతాడా, స్కిప్పర్?"

"నేనూ అదే అడిగాను. మూడు వందల పది అన్నాడు గంథర్."

వెర్లిన్‌కి ముప్పై రెండేళ్లు. ఇది పోతే మిగిలింది పొరుగూరి పందుల కబేళా ఒక్కటే. చలికాలమంతా అక్కడి మంచు గదిలో పనిచేస్తే, కిందటేడు రెండు వేళ్లకి స్పర్శ పోయింది. ఏడాది పొడుగునా అక్కడే ఉంటే ఆ చేతిలో బంతి పడిందో లేదో కూడా తెలియదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆ వేళ్లని ఫోర్కుతో గుచ్చి చూసుకుంటుంటే, ఓపల్ ఫోర్కు తీసేసుకుంది.

ఆదివారం వెర్లిన్ తన జన్మలో చేయని పని చేశాడు. మూడు బేసుల మీదా మనవాళ్లున్నారు. మూడు చెడ్డ బంతులు వదిలేశాడు, నాలుగోదీ చెడ్డదే, కళ్లు మూసుకున్నా తెలిసేంత ఎత్తులో వస్తోంది. వదిలేస్తే అందరూ తలో బేస్ ముందుకి జరిగి ఊరికే ఒక పరుగు. కానీ వదిలితే సగటు పెరగదుగా. బ్యాటు ఊపాడు. బంతి గాల్లోకి లేచి ఎదుటివాళ్ల చేతిలో పడింది. మనసంతా దాని మీదే ఉండి, తర్వాత హోమ్ వెనక తను పట్టాల్సిన ఒక మామూలు బంతి కాళ్ల సందున జారిపోయింది. ఆట పోయింది, దాంతో వెర్లిన్ ఉద్యోగమూ పోయింది.

ఆ సాయంత్రం అతని వెంట ఒక్క పిల్లీ రాలేదు. ఓపల్ ఎన్నని అడగలేదు.

మర్నాడు పొద్దున్న కబేళా ఊరికి పోవడానికి ఇద్దరూ పెట్టెలు సర్దుకున్నారు. ఓపల్ పిల్లుల్ని పిలిచింది, పాలు చూపించింది. ఒక్కటీ దగ్గరికి రాలేదు. ఒకటొకటిగా కప్పు దిగి, వీధి వెంట వరసగా మైదానం వైపు నడిచాయి.

"పోనీలే. ఇన్నాళ్లూ నేను ఆపాను కాబట్టి ఆగాయి" అన్నాడు వెర్లిన్. బస్సు కోసం ఓపల్ పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. బస్సు ఆలస్యంగా వస్తుందని వీధి మూల కొట్టు మనిషి చెప్పాడు. ఆ మాత్రం గడువు కూడా అతనికి శిక్షలాగే ఉంది.

మైదానంలో గంథర్ కొత్త కుర్రాడి చేత బంతులు కొట్టిస్తూ మురిసిపోతున్నాడు. మొదటి పిల్లి మూడో బేస్ చుట్టి, నింపాదిగా నడిచి హోమ్‌లో అడుగుపెట్టి మాయమైంది. గేటు దగ్గర బోర్డు మీద కార్వర్ గెలుపుల్లో ఒకటి తగ్గింది. జూన్‌లో ఒక్క పరుగు తేడాతో గెలిచిన ఆట అది. రెండోది వచ్చింది. ఇంకొకటి తగ్గింది. మూడోది బూడిద రంగుది, కుంటుతూ వచ్చింది. మొదటి స్థానంలో ఉన్న జట్టు రెండో స్థానానికి దిగింది. వీధి మలుపు దాకా ఇంకా పిల్లులే.

కుర్రాడు చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. అవి అతని కాళ్ల సందునుంచి వెళ్లాయి.

"ఎవరన్నా వాటిని ఆపండయ్యా" అన్నాడు గంథర్.

స్కిప్పర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఆపేవాణ్ణి నిన్న పంపించేశారండీ."

గంథర్ కారు బెంచీ దగ్గరికి వచ్చేసరికి బస్సు తలుపు తెరిచే ఉంది, వెర్లిన్ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. గంథర్ క్షమించమనలేదు. కారు వెనక తలుపు తీసి పట్టుకున్నాడంతే.

వెర్లిన్ ఊరికెళ్లే బట్టల్లోనే వచ్చి హోమ్ వెనక గొంతుకూర్చున్నాడు. అప్పుడే మూడో బేస్ చుట్టిన పసుపురంగు పిల్లి అతన్ని చూసి ఆగింది. కాసేపు ఒళ్లు నాక్కుని, ఏమీ ఎరగనట్టు వెనక్కి తిరిగింది. దాని వెనకవన్నీ తిరిగాయి.

ముందు వెళ్లిపోయినవి తిరిగి రాలేదు. ఆ ఏడాది కార్వర్ రెండో స్థానంలోనే ఆగిపోయింది. వెర్లిన్ మోకాళ్లు అరిగిపోయేదాకా అక్కడే ఆడాడు, రెండు వందలు ఎప్పుడూ దాటలేదు. గేటు దగ్గర బోర్డు మీద అతని పేరు పక్కన మాత్రం అంకె రాయడం మానేశారు.

ఇప్పుడు చెప్పండి, రాని పరుగును ఎలా లెక్కపెడతారు? ఆలోచించుకోండి, తొందరేం లేదు. నేను వెళ్లి ఆ మిగిలిన గిన్నెలు కడగాలి. పొద్దువాలకముందే అన్నిట్లోనూ పాలు పోయాలి, లేకపోతే ఆ పిల్లులు మెట్లు దిగి మైదానం దారి పడతాయి.